పసుపు దారం వేసిన ఏడాది

ముందుగా ఒక మాట. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడన్నా తప్పితే మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది యాభై తొమ్మిదో ఏట. సూది లొంగినట్టు కలం నాకు లొంగదు. ఒక్కో పేజీకి రెండేసి పూటలు పడుతున్నాయి. "నువ్వు చెబుతూ ఉండు, నేను రాసిపెడతా" అంది మా అమ్మాయి. వద్దన్నాను. ఈ సంగతి నా చేత్తోనే రాయాలి. నిదానంగా రాశాను, మీరూ నిదానంగానే చదవండి.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పట్టుకున్నవి వదల్లేదు. ఇంట్లో తీగల మీద ఆరేసిన బట్టలు మూడు రోజులైనా ఆరేవి కావు. అలాంటి ఒక పొద్దున ఉత్తరం వచ్చింది.

నా పేరు మీద ఉత్తరం రావడం అదే మొదలు. అమ్మాయి తీసుకోబోతే ఇవ్వలేదు.

అమ్మాయి సిటీ బస్సు నడుపుతుంది. వాళ్ల నాన్న పోయాక నేను గోడలు చూస్తూ కూర్చుంటున్నానని, నా పని అయిపోగానే నన్ను తన బస్సెక్కించి, తన సీటు వెనకాలే కూర్చోబెట్టి, బజారు బోర్డుల మీద అక్షరాలు నేర్పింది. ఎర్ర లైటు పడిన చోటల్లా ఒక బోర్డు. "అమ్మా, ఆ చెప్పుల కొట్టు మీద ఏం రాసుంది?" అని వెనక్కి తిరక్కుండానే అడిగేది. నేను కూడబలుక్కుంటుంటే బస్సంతా ఊపిరి బిగబట్టేది. ఒకాయన తను దిగాల్సిన చోటు దాటిపోయినా, "ఆ బోర్డు పూర్తి చెయ్యండమ్మా, దిగుతాను" అని నిలబడిపోయాడు.

అంచేత ఉత్తరం నేనే విప్పాను. అమ్మాయి పెరట్లో కూర్చుని తన యూనిఫాం ఉతుక్కుంటోంది. నేను గుమ్మంలో నిలబడి గట్టిగా చదివాను.

"శ్రీ... మ... తి... ఏమే, శ్రీమతి అంటే నన్నే!"

"నిన్నే. చదువు."

"మీరు... ముప్పై... రోజుల... లోగా... ఈ... దేశం... విడిచి... వెళ్ల... వలెను."

ఒక్క తప్పు లేదు. బహుమతి గెలిచినదానిలా తలెత్తి చూశాను. అమ్మాయి చేతుల్లోంచి సబ్బునీళ్లు కారుతున్నాయి. దాని మొహం చూశాక గానీ నేను చదివిందేమిటో నాకు తెలియలేదు.

అమ్మాయికి ఇక్కడ ఉండటానికి కాగితం ఉంది. పద్నాలుగేళ్ల పిల్లగా వచ్చి ఇక్కడి బళ్లోనే చదివింది. నేను మటుకు మా ఆయన కాగితం మీద వచ్చినదాన్ని. ఆయన పోయిన రోజునే ఆ కాగితమూ చెల్లిపోయిందట. రెండేళ్లుగా నేను చెల్లని కాగితం మీద బతుకుతున్నానన్న మాట. మేం వచ్చిన చోట నా పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

"నువ్వెళ్తే నేనూ వస్తా" అంది అమ్మాయి. "బస్సు తాళం డిపోలో పడేసి వచ్చేస్తా."

"నోర్ముయ్. ఆరేళ్లు కండక్టరుగా నిలబడి నిలబడి దొరికిన సీటది."

"నువ్వు లేని ఇంట్లో నేనేం చెయ్యను? గోడలు చూస్తూ కూర్చోనా?"

దాని మొండితనం నాకు తెలుసు. అంటే చేస్తుంది. నన్ను విమానం ఎక్కించినా ఎక్కించకపోయినా, నా మూలాన ఆ స్టీరింగు దాని చేతిలోంచి జారిపోకూడదు. ఆ వానాకాలమంతా నాకు ఉన్న భయం అదొక్కటే.

*

ప్లీడరుగారి పొడుగెంతంటే ఏ గుమ్మం దాటినా తల వంచాల్సిందే. కోటు జేబుకి కన్నం. అందులో పెట్టిన కలాలు లోపలి గుడ్డలోకి జారిపోయి, కోటు అంచు దగ్గర గలగలలాడుతుండేవి. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు ఆయన వంగి తన మోకాళ్ల దగ్గర తడుముకునేవాడు. మొదటిసారి చూసి ఏదో జబ్బనుకున్నాను.

"చట్టంలో ఒక దారి ఉందమ్మా" అన్నాడు. "పదేళ్లు తెంపు లేకుండా ఇక్కడే ఉన్నవాళ్లని పంపడానికి వీల్లేదు. మీరు పద్నాలుగేళ్లున్నారు. అప్పీలు వేద్దాం. వేలిముద్ర వేస్తారా?"

"వేలిముద్రా?" అన్నాను. "సంతకం చేస్తాను బాబూ."

చేశాను. నాలుక పళ్లమధ్య పెట్టుకుని, కలం కాగితంలోకి దిగబడేలా చేశాను. అమ్మాయి నా వెనకాల నిలబడి చూసి, కళ్లు తుడుచుకుంది. ప్లీడరుగారు కూడా ఆ కాగితాన్ని గాలికి ఊపి ఆరబెట్టాడు, ఆరబెట్టాల్సిన అవసరం లేకపోయినా.

ఆ సంతకమే మా కొంప ముంచింది. పాత ఫైల్లో ఉన్న స్త్రీ నిరక్షరాస్యురాలు, వేలిముద్ర వేసింది, అప్పీలు వేసిన స్త్రీ సంతకం చేసింది, ఇద్దరూ ఒకరే అనడానికి ఆధారం లేదు అన్నారు. నేను చదువుకున్న పాపానికి నేను నేను కాకుండా పోయాను. "అక్షరాలు నేర్పి నేనే నిన్ను ముంచాను" అని అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

సరే, బొటనవేలు కలిపి చూశారు. కలిసింది. కింది కోర్టులో అవతలి ప్లీడరు లేచాడు. మంచి మనిషే, మర్యాదగా మాట్లాడతాడు.

"వేలు ఈమెదే, ఒప్పుకుంటున్నాం. పద్నాలుగేళ్ల కిందట వచ్చినప్పుడు ఒకసారి ఫైల్లో కనబడింది. భర్త పోయినప్పుడు మళ్లీ కనబడింది. అప్పట్నించి ఆస్పత్రి ఉద్యోగం కాగితాలున్నాయి. మరి మధ్యలో పన్నెండేళ్లు ఈ వేలు ఎక్కడుంది?"

నేను నా బొటనవేలు వైపు చూసుకున్నాను, అదేమన్నా చెబుతుందేమోనని.

ఎక్కడుందో నాకు తెలుసు. ఆస్పత్రి బట్టల గదిలో ఉంది. మా ఆయనకి అక్కడ ఇస్త్రీ పని. ఆయనతో పాటు నేనూ వెళ్లి చిరిగిన దుప్పట్లు రఫూ చేసేదాన్ని. రఫూ అంటే అతుకు వెయ్యడం కాదు. ఆ గుడ్డ అంచులోంచే నూలు పోగులు లాగి, చిరుగు మీద మళ్లీ నేత అల్లడం. మా అత్తగారు నేర్పిన పని. కానీ ఆస్పత్రి పుస్తకంలో పేరు ఆయనది ఒక్కటే. ఇంటి అద్దె చీటీ ఆయన పేరు, కరెంటు ఆయన పేరు. ఇద్దరం ఒకటే కదా అనుకున్నాం. పన్నెండేళ్లలో నా పేరు ఒక్క కాగితం మీద కూడా పడలేదు.

బట్టల గది పెత్తనం చూసే ఆవిడ సాక్ష్యానికి వచ్చింది. నడుముకి ముప్పై తాళాల గుత్తి కాబట్టి మేమంతా తాళాలక్క అంటాం.

"ఈమె ఆ పన్నెండేళ్లూ అక్కడే ఉందని మీకెలా తెలుసు?"

"నా కళ్ల ముందే కూర్చునుండేది. కళ్లు లేవా నాకు?"

"మీరు ఆమె స్నేహితురాలా?"

"స్నేహమా! దాంతో రోజూ పోట్లాటే."

అందరూ నవ్వారు. రాసుకున్నవాళ్లు లేరు. నోటిమాట కాగితం కాదన్నారు. అప్పీలు కొట్టేశారు.

"ఇంకా పైకోర్టు ఉందమ్మా" అన్నాడు ప్లీడరుగారు మెట్ల మీద. "తీర్పు వచ్చేదాకా మిమ్మల్ని పంపకుండా ఆపే ఉత్తర్వు తెస్తాను. కానీ అదే ఆఖరు. దానికి పైన ఇంకేం లేదు." అని మోకాళ్ల దగ్గర తడుముకున్నాడు.

*

పుస్తకంలో ఎక్కడన్నా నా పేరు దొరుకుతుందేమోనని ఆయన ఒక మధ్యాహ్నం బట్టల గదికి వచ్చాడు. తాళాలక్క పాత రిజిస్టర్లన్నీ బల్ల మీద పడేసింది. దుమ్ము లేచింది. పేజీ వెనక పేజీ మా ఆయన పేరే.

ఆయన చూస్తున్నంతసేపూ నాకు చేతులు ఊరుకోలేదు. "బాబూ, ఆ కోటు ఇలా ఇవ్వు" అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఇవ్వు. నీ కలాల చప్పుడు వినలేకపోతున్నాను."

జేబు విప్పి, కన్నం రఫూ చేసి, లోపల పడిపోయిన ఏడు కలాలూ తీసి బల్ల మీద వరసగా పెట్టాను. కోటు చేతికిచ్చాను. ఆయన జేబు లోపల చెయ్యి పెట్టి చూశాడు, బయటికి తిప్పి చూశాడు.

"ఎక్కడ కుట్టారు? కనబడదే?"

"కనబడితే ఇంకెందుకు?" అంది తాళాలక్క, అదేదో తను చేసినట్టు.

"మరి ఈ అంచులో ఈ ఎర్ర దారం ఏంటి? మూడు గీతల్లాగా..."

"అది నా గుర్తు బాబూ. పిచ్చుక కాలు. చెయ్యి అలవాటు కొద్దీ పడిపోయింది, ఉండు తీసేస్తా."

"గుర్తేంటి?"

తాళాలక్క చెప్పింది. రఫూ ఎవరు చేశారో, ఎన్నాళ్లు ఆగిందో తెలియాలి కదా. అక్కడ పనిచేసే వాళ్లలో చాలామందికి రాయడం రాదు. అందుకని ఎవరి గుర్తు వాళ్లకి ఉంటుంది. ఒకతె చుక్కలు, ఒకతె మెట్లు, నాది పిచ్చుక కాలు. ఏడాదికో రంగు దారం. ఏ ఏడు ఏ రంగో తను రాసిపెట్టుకుంటుంది, ఏటేటా పైఅధికారి చేత సంతకం చేయించుకుంటుంది. పన్నెండు రంగులున్నాయి. అవన్నీ అయితే గానీ ఒక రంగు తిరిగి రాదు. ఈ ఏడు ఎరుపు.

ప్లీడరుగారు కిందికి వంగబోయి, కలాలు బల్ల మీద ఉన్నాయని గుర్తొచ్చి ఆగిపోయాడు. స్టూలు మీద కూర్చున్నాడు. గది చుట్టూ చూశాడు. నేల నించి పైకప్పు దాకా అరలు, అరల నిండా మడతపెట్టిన తెల్ల దుప్పట్లు.

"అమ్మా," అన్నాడు మెల్లిగా, "ఇవన్నీ మీ కాగితాలే కదా."

పద్నాలుగేళ్లు ఆ గదిలో కూర్చున్నాను. ఆ అరలు నావైపు చూస్తున్నట్టు నాకు ఆ రోజే అనిపించింది.

*

ఆఖరి రెండేళ్లకీ నా పేరుతో కాగితం ఉంది. ఇంకా ఎనిమిదేళ్లు కావాలి. ఎనిమిది రంగులు. మధ్యలో ఒక్కటి లేకపోయినా తెంపే.

ఒక సెలవు రోజున అమ్మాయి, నేను, తాళాలక్క మొదలుపెట్టాం. దగ్గరి ఏళ్లవి గంటలో దొరికాయి. పాతవే కష్టం. ఆస్పత్రిలో దుప్పటి ఊరికే పోదు. నడిమికి చిరిగితే రెండు పక్కలూ తిప్పి కుడతాం. ఇంకా పాడైతే సగం దుప్పటి అవుతుంది. తరవాత తలగడ గలేబు, తరవాత పనిముట్లు చుట్టే గుడ్డ, ఆఖరికి నేల తుడిచేది. ఎక్కడెక్కడికి పోయాయో అక్కడికల్లా వెళ్లాం. తాళాలక్క ఏ వార్డులోకైనా తనిఖీకొచ్చినదానిలా వెళ్లి, రోగి తలకింది గలేబు అంచు తిరగేసి చూసేది.

"ఏంటండీ?" అనేవాడు రోగి.

"పడుకో నాయనా. దారం చూస్తున్నాం."

పచ్చది పిల్లల వార్డు కిటికీ తెరలో దొరికింది. ఊదాది పనిముట్ల గదిలో. నీలం నేల తుడిచే కర్ర కొసన. అమ్మాయి దాన్ని పిండి, ఉతికి, దాచిన పట్టుచీర పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చింది. సాయంత్రానికి ఏడు రంగులు బల్ల మీద ఉన్నాయి.

పసుపు లేదు.

వెతికిన చోటే మళ్లీ వెతికాం. రెండో రోజు, మూడో రోజు. విచారణ ఇంకో వారమే ఉంది. తాళాలక్క తిట్టడం కూడా మానేసింది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఆ ఏడేం జరిగిందో గుర్తు తెచ్చుకోవే" అంది. "చిరిగినవన్నీ ఎక్కడికి పోయాయి?"

ఆ ఏడు... మా ఆయన ఇస్త్రీ బల్లకి కొత్తగా మెత్త వేసుకున్నాడు. పాత మెత్త అణిగిపోయి మడతలు సరిగ్గా పడటం లేదని రోజూ సణిగేవాడు. "నాలుగు దుప్పట్లివ్వవే" అని నన్నే అడిగాడు. నేను బాగుచేసినవే, కాకపోతే మంచం మీదకి పనికిరానివి, ఇచ్చాను. వాటిని నాలుగు మడతలు వేసి, మీద ఇంకో గుడ్డ బిగించి, చుట్టూ మేకులు కొట్టాడు.

నేను నోరు తెరవకముందే అమ్మాయి బల్ల దగ్గరికి నడిచింది.

ఆ బల్ల మీద ఇప్పుడు ఇంకొకతను పనిచేస్తాడు. అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మారుమాట లేకుండా మేకులు పీకాడు. పైగుడ్డ లేచింది. దాని కింద ఒక పొర, దాని కింద ఇంకొకటి. వేడికి గోధుమ రంగు తిరిగి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆయన రోజూ నిలబడే వైపు ఎక్కువ మాడి ఉంది. పెట్టె ఆనించి పెట్టుకునే చోట దాని ఆకారమే అచ్చుపడి ఉంది. ఆ గుర్తు మీద అమ్మాయి చెయ్యి పెట్టి కాసేపు తియ్యలేదు.

మూడో పొర అంచు నేను తిప్పాను. పసుపు దారం. పిచ్చుక కాలు.

తను పోయిన రెండేళ్లకి కూడా ఈ మనిషి నా పని భద్రంగా పట్టుకుని ఉన్నాడు. తాళాలక్క ముక్కు చీది, "మేకులన్నీ లెక్కపెట్టి తిరిగి కొట్టండి, నా బల్ల అది" అంది.

*

పైకోర్టు గోడ మీద ఆ రోజు కేసుల జాబితా అంటించారు. నేనే చదువుకుని నా పేరు పట్టుకున్నాను. పదకొండోది. ఎవరి సాయమూ లేకుండా పట్టుకున్నాను గానీ అక్కణ్ణించి కదల్లేకపోయాను. లోపలికెళ్లాక ఆ పైకప్పు ఎత్తు చూస్తే దులిపేవాళ్లెలా దులుపుతారో అనిపించింది. ముగ్గురు జడ్జీలు లోపలికి రాగానే అంతమందీ ఒక్కసారి లేచారు. నా ఫైలు తెచ్చి బల్ల మీద పెడితే అది నా జానెడు మందం ఉంది. ఒక రఫూ చేసుకునే ముసలిదాన్ని ఉంచాలా పంపాలా అని ఇంతమంది పొద్దున్నే లేచి, బట్టలు ఇస్త్రీ చేసుకుని, వానలో తడుస్తూ వచ్చారు. భయపడాల్సిందాన్ని, నాకు భయమే వెయ్యలేదు. అలా చూస్తూ ఉండిపోయాను.

నడిమి కుర్చీలో ఉన్నది ఆడమనిషి. నా ఈడే ఉంటుంది. మా ప్లీడరుగారు గుడ్డలన్నీ ఒక్కొక్కటే చూపించి, తాళాలక్క రాసిపెట్టుకున్న రంగుల పట్టీ ఇచ్చి, చెప్పాల్సింది చెప్పాడు. ఆ రోజు కలం కోసం ఒక్కసారి కూడా వంగలేదు.

అవతలి ప్లీడరు లేచాడు.

"దారం ముక్కదేముందండి, నిన్న కూడా కుట్టొచ్చు. రఫూ చేసిన చోట గుర్తు వేస్తారంటున్నారు. నేను ఈ దుప్పటి రెండు వైపులా చూశాను. ఇందులో రఫూ అన్నదే లేదు. రఫూ లేని గుడ్డ మీద గుర్తెందుకుంటుంది? తరవాత కుట్టారు కాబట్టి."

జడ్జిగారు దుప్పటి తెప్పించుకుని, కళ్లజోడు తీసి చూశారు. వేలితో తడిమారు. పక్కన ఇద్దరూ తడిమారు.

"ఎక్కడండీ రఫూ?" అన్నారు. "చూపించండి."

మా ప్లీడరుగారు ముందుకెళ్లి వంగి చూశాడు. ఆయనకీ దొరకలేదు. ఆయన చెవులు ఎర్రబడటం వెనక నించి నాకు కనబడింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చిరిగిన చోటు తెలియకుండా చెయ్యడానికే కదా నేను కళ్లు పోగొట్టుకుంది. అది ఇలా వచ్చి నా మెడకే చుట్టుకుంటుందని ఎన్నడూ అనుకోలేదు.

లేచి నిలబడ్డాను. "అమ్మా, నన్ను చూపించమంటారా?"

ఎవరో కూర్చోమన్నారు. జడ్జిగారు చెయ్యి ఎత్తి వాళ్లని ఆపారు. "రండమ్మా."

దుప్పటి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాను. బయట వాన. మబ్బు వెలుతురు. రఫూకి అదే మంచిది, ఎండలో కన్ను చెదురుతుంది. దుప్పటి విప్పాను. నిండు దుప్పటి, రెండు చేతులకి అందదు.

"రెండో కొస ఎవరన్నా పట్టుకోవాలమ్మా" అన్నాను. మా గదిలో అన్నట్టే అన్నాను.

బంట్రోతు కదలబోయాడు. అతనికన్నా ముందు జడ్జిగారు లేచారు. ఆమె లేచారని గదంతా లేచింది. ఆమె మెట్లు దిగి వస్తుంటే, కూర్చోవాలో నిలబడాలో తెలియక అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆమె వచ్చి రెండో వైపు రెండు కొసలూ పట్టుకున్నారు. కిటికీకి అడ్డంగా దుప్పటి ఎత్తాం.

అరచెయ్యంత చోట నేత కొంచెం చిక్కబడి కనబడింది.

"అదిగోనమ్మా."

ఆమె దగ్గరికి వంగారు. "ఇది?"

"అదీ రఫూయే."

"ఇక్కడ... ఇదీనా?"

"అదీనమ్మా. ఆ పక్కది కూడా. ఈ దుప్పట్లో తొమ్మిది ఉన్నాయి."

వెలుతురు గుడ్డలోంచి వచ్చి ఆమె మొహం మీద పడింది. ఆ తొమ్మిది చోట్లా పలచని నీడలు పడ్డాయి. నేను చేసిన పనిని నేనూ అలా ఎన్నడూ చూడలేదు. చేసి, మడిచి, అరలో పెట్టెయ్యడమే. ఎంత మంది పడుకుని లేచారో వాటి మీద.

"ఒక్కోటి ఎంతసేపు పడుతుంది?"

"పూట పడుతుందమ్మా. మూల చిరుగైతే రెండు పూటలు."

తరవాత ఇస్త్రీ బల్ల గుడ్డ. దాన్ని ఆమే తీసి పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. "అవతలి ప్లీడరుగారూ, ఇలా రండి" అన్నారు. "ఈ మాడు చూడండి. గుడ్డ మీద నించి, రఫూ మీద నించి, ఈ పసుపు దారం మీద నించి ఒకే తీరుగా వెళ్లింది. నిన్న కుట్టిన దారమైతే అది మాడి ఉండదు కదా?"

ఆయన వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఉండదండి" అన్నాడు. పాపం, మంచి మనిషి.

నేను దుప్పటి మడవబోయాను. జడ్జిగారు తన కొసలు వదల్లేదు. అంచు సరిచేసి, నా వైపు ఒక అడుగు వేశారు. నేనూ ఒక అడుగు వేశాను. కొసలు కలిపాం. ఆమె వంగి మడత అందుకున్నారు. మళ్లీ ఒక అడుగు. ఇంట్లో దుప్పట్లు మడిచే మనిషే, చెయ్యి చూస్తే తెలుస్తుంది. నాలుగో మడతకి మా వేళ్లు తగిలాయి. ఆమెవి చల్లగా ఉన్నాయి.

"అంచు మీ వైపు ఉంచుకోండి" అని, మడిచిన దుప్పటి నా చేతిలో పెట్టి, ఆమె వెనక్కి వెళ్లి మెట్లెక్కి కూర్చున్నారు. అప్పుడు అందరూ కూర్చున్నారు.

*

తీర్పు పదహారు రోజులకి వచ్చింది. వానలు వెనకపట్టు పట్టాయి. ఆ రోజు అమ్మాయికి సెలవు దొరకలేదు. ప్లీడరుగారు కోర్టు మెట్ల మీద కాగితాలు నా చేతికిచ్చి, ఏదో చెప్పబోతే నేను ఆపాను.

"చెప్పొద్దు బాబూ. చదువుకుంటాను."

ఆయన నవ్వాడు. నవ్వు చూసి సగం తెలిసింది గానీ, కాగితం చెప్పందే నమ్మకూడదని ఆ వానాకాలం నాకు నేర్పింది. బస్టాపులో నిలబడి రెండు బస్సులు వదిలేశాను. మూడోది మా అమ్మాయిది. ఎక్కి, దాని సీటు వెనకాలే కూర్చున్నాను. అది అద్దంలోంచి చూసింది. అడగలేదు. దాని మెడ నరాలు బిగుసుకున్నాయి.

పంతొమ్మిది పేజీలు. మొదటి పేజీలన్నీ నాకు నోరు తిరగని మాటలు. ఆఖరి నించి తిప్పాను. ఒకచోట చిన్న చిన్న మాటలు కనబడ్డాయి. మార్కెట్టు దగ్గర ఎర్ర లైటు పడింది. బస్సు ఆగింది.

"అమ్మా," అంది వెనక్కి తిరక్కుండానే, "ఏం రాసుంది?"

వేలు పెట్టుకుని గట్టిగా చదివాను.

"ఈ... కోర్టు... తన... కళ్లతో... చూసింది. ఆమె... ఆ... సంవత్సరాలన్నీ... ఇక్కడే... ఉంది."

ఇంకో వాక్యం కూడా ఉంది, నన్ను పంపరాదని. దాన్ని తరవాత చదువుకున్నాం. ముందు ఆ మాటే మళ్లీ చదవమంది. చదివాను. మొత్తం బస్సు విన్నది. అమ్మాయి స్టీరింగు మీద తల ఆనించింది. వెనకాల హారన్లు మొదలయ్యాయి.

"అమ్మాయ్," అన్నాడు ముందు సీట్లో పెద్దాయన మెల్లిగా, "పచ్చ లైటు."

"తెలుసు బాబాయ్," అంది తల ఎత్తకుండా. "ఒక్క నిమిషం."

వెనక హారన్లు మోగుతున్నా బస్సులో కదిలినవాళ్లు లేరు.

ఇదీ సంగతి. మీరు ఎప్పుడన్నా ఆస్పత్రిలో పడుకోవాల్సి వస్తే, దుప్పటి అంచు ఒకసారి తిరగేసి చూడండి. ఇప్పుడు ఏ కాగితం మీదైనా నేను సంతకమే చేస్తాను. దాని పక్కన పిచ్చుక కాలు కూడా వేస్తాను. వద్దన్నవాళ్లు ఇంతదాకా ఎవరూ లేరు.

ఇట్లు
రఫూ అమ్మ (అందరూ పిలిచేది అలాగే),
అరవై మూడేళ్లు,
బస్సు డిపో వెనక వీధి, రెండో అంతస్తు, ఎడమచేతి గుమ్మం.
ఇక్కడే ఉంటున్నాను.